అర్ఫజ్‌లో పడ్డ ఒంటెలు

నిప్పులు ఆర్పే ఉద్యోగం చేసేవాడు నిప్పు రాజేయబోయి దొరికిపోతే మొహం ఎలా పెట్టుకోవాలో మిషారీని అడగాలి.

చలికాలం మొదట్లో ఒక శుక్రవారం అది. కువైట్‌లో సాల్మీ రోడ్డు దిగి ఎడారిలోకి బాగా లోపలికి వెళ్ళాక స్నేహితులు గుడారం వేస్తున్నారు. కాఫీ కాచే పని మిషారీ తన మీద వేసుకున్నాడు. తీరా చూస్తే కట్టెల సంచీ ఇంటి దగ్గరే ఉండిపోయింది. చుట్టూ మోకాలెత్తున బూడిదరంగు పొదలు. ఒక్కదానికీ ఆకన్నది లేదు, ఎప్పుడో ఎండి చచ్చినట్టున్నాయి. ఇంతకన్నా మంచి పుల్లలు ఎక్కడ దొరుకుతాయనుకుని, వంగి ఒక పొదని ఫెళ్ళున విరిచాడు.

రెండోదాని మీద చెయ్యి వేశాడో లేదో వెనక నుంచి పికప్ హారన్ మోగింది. ఆపకుండా మోగుతూనే ఉంది.

బండిలోంచి ఒక అమ్మాయి దిగింది. పైన వేసుకున్న నల్లటి పొడుగు అబాయా అంచులు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. చేతులకి తోటపనివాళ్ళ తొడుగులు. ఇక ఆ కళ్ళు చూస్తే, ఫైర్ స్టేషన్లో సైరన్ మోగినప్పుడు కాళ్ళు వాటంతట అవే పరిగెత్తడానికి సిద్ధమైనట్టు మిషారీ గుండె సిద్ధమైపోయింది. ఎటు పరిగెత్తాలో మాత్రం దానికి తెలియలేదు.

"ఏమయ్యా, దాన్నెందుకు చంపుతున్నావ్?"

"చంపడమేంటి? అది చచ్చే ఉంది."

ఆమె అతని చేతిలోని పుల్ల లాక్కుంది. తొడుగు తీసి, గోటితో పైబెరడు గీరి, అతని ముక్కు దగ్గర పెట్టింది. లోపల పచ్చగా, తడిగా ఉంది.

అది అర్ఫజ్. ఎండాకాలం రాగానే ఆకులన్నీ దులిపేసి పడుకుంటుంది. వాన పడితే లేస్తుంది. దీని పువ్వే కువైట్ జాతీయ పుష్పం. బళ్ళలో పిల్లలంతా పసుపు పెన్సిల్ అరిగేదాకా గీసేది దాన్నే. మిషారీ కూడా గీశాడు, మెప్పులు కూడా కొట్టేశాడు. అయితే ఆ పువ్వు పూసే పొద ఇదేనని ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఏం పని చేస్తుంటావని అడిగిందామె. ఫైర్ డిపార్ట్‌మెంట్ అన్నాడు, నోరు జారి. ఆమె అతని చేతిలోని అగ్గిపెట్టెని చాలాసేపు చూసింది.

"బాగుంది," అంది.

ఆ మాటకి మిషారీ చెవులు కాలిపోయాయి. అప్పుడు గానీ అతనికి ఇసకలో కూరుకుపోయిన కంచె తీగ కనిపించలేదు. ఆ పొదలన్నీ ఆమె పెంచినవే. పేరు ముజ్నా, మొక్కల చదువు చదివింది. ఎండిన పువ్వుల్ని గింజలు వేరుచెయ్యకుండా పువ్వులుగానే ఇసకలో చల్లి, కొన్నేళ్ళుగా ఒక్కో పొదనీ కాచుకుంటూ వస్తోంది.

"వచ్చే శుక్రవారం వచ్చి ఈ కంచె నిలబెట్టు. రాకపోతే మా నాన్నకి చెప్తా. మా నాన్న ఏమీ అనడు, కూర్చోబెట్టి కాఫీ ఇస్తాడు. నీకు అదే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది," అంది.

ఆ మధ్యాహ్నం మిషారీ వాళ్ళ గుడారంలో ఎవరికీ కాఫీ లేదు.

వెళ్ళాడు. నాలుగు పుల్లల కోసం ఎవడైనా అంత దూరం వెళ్తాడా అని స్నేహితులు ఏడిపించారు. పుల్లల కోసమేనని అతను గట్టిగా చెప్పాడు. అంత గట్టిగా చెప్పడంతో వాళ్ళకి విషయం అర్థమైపోయింది.

ముజ్నా తండ్రి ఒంటెలు మేపుతాడు. పెద్దకొడుకు బర్జస్ పేరు మీద ఆయన్ని అందరూ అబూ బర్జస్ అంటారు. కూతురు చెప్పినట్టే ఆయన ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చాడు. మిషారీకి నిజంగానే సిగ్గేసింది. తాగి, కంచె పని మొదలుపెట్టాడు. అమ్మాయికి తోడుగా బర్జస్‌ని పికప్‌లో కూర్చోబెట్టారు. పేరుకి కాపలా, ధ్యాసంతా ఫోన్ మీద.

కంచె ఒక్క శుక్రవారంలో అయిపోయే పనే. మిషారీ దాన్ని చలికాలమంతా సాగదీశాడు. ఒకసారి ఎంతో గొప్పగా నీళ్ళ ట్యాంకర్ తోలుకొచ్చాడు. ముజ్నా దాన్ని ఒంటెల దగ్గరికి పంపించేసింది. ఊరికే నీళ్ళు పోస్తే దీనికి బద్ధకం వస్తుందని, వేళ్ళు తడి వెతుక్కుంటూ లోతుకి పోవాలని పాఠం చెప్పింది. అతనికి 'కట్టెలవాడు' అని పేరు పెట్టింది. అతను ఆమెకి 'ఇన్‌స్పెక్టర్' అని పెట్టాడు. ముళ్ళతీగ అతని చొక్కా చింపినప్పుడల్లా ఆమె నవ్వు ఆపుకునేది. ఆమె నవ్వు ఆపుకోవడం చూడ్డానికే అతను ముళ్ళతీగకి దగ్గరగా నిలబడేవాడు.

మొదటి వాన పడిన రోజున డ్యూటీ దిగీ దిగగానే, యూనిఫారం కూడా మార్చుకోకుండా వచ్చేశాడు. బూడిద పుల్లల నిండా నువ్వుగింజంత ఆకులు. తను విరిచిన పొద దగ్గరికి పరిగెత్తి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. విరిగిన చోట పక్కనుంచి కొత్త కొమ్మ వచ్చింది.

"ఇన్‌స్పెక్టర్, ఇది కూడా లేచింది," అని కేకేశాడు.

ముజ్నా వచ్చి చూసింది. ఈసారి నవ్వు ఆపుకోలేదు. తడి ఇసక వాసన, అర్ఫజ్ వాసన, ఆ నవ్వు, అన్నీ ఒకేసారి మీద పడేసరికి మిషారీ పని అయిపోయింది. ప్రేమించాడు. ఆ మాట తనకు తానే చెప్పుకున్నాడు, హాయిగా అనిపించింది.

చలి తగ్గి ఒంటెల ఒంటిమీది బొచ్చు రాలే రోజులు వచ్చాయి. మా తాతని తీసుకొస్తే మీ నాన్న ఏమంటాడు అని ఒకనాడు మిషారీ అడిగేశాడు. అడిగి, తీగ బిగిస్తున్నట్టు నటించాడు. ముజ్నా చేతిలో పని ఆపింది.

అప్పుడు వాళ్ళక్క వద్హా సంగతి చెప్పింది. ఎవరో పెద్దమనిషి తన కొడుకు కోసం వచ్చి, వాళ్ళ నాన్న ఇచ్చిన కాఫీ కప్పుని తాగకుండా ముందు పెట్టి కూర్చున్నాడు. అలా పెడితే అతనేదో కోరి వచ్చాడన్నమాట. కోరిక తీరుస్తానంటేనే తాగుతాడు. 'కాఫీ తాగు' అని ఇంటాయన అన్నాడా, ఇచ్చేసినట్టే. తాగకుండా లేచి వెళ్ళిపోతే ఆ ఇంటికి అంతకన్నా తలవంపు లేదు. అందుకని అబూ బర్జస్ తాగమన్నాడు. పక్క గదిలో పరీక్షకి చదువుకుంటున్న వద్హా పెళ్ళి అలా కుదిరిపోయింది.

"అక్క సుఖంగానే ఉంది. బావ మంచివాడే. కానీ అక్కని ఒక్కరూ అడగలేదు, మిషారీ." ఆమె అతన్ని పేరుతో పిలవడం అదే మొదలు. "ఇప్పుడు మా పెదనాన్న వస్తానంటున్నాడు, తన కొడుకు మత్లఖ్ కోసం. వాడికి డేగల పిచ్చి. ఈ పొదల్ని చూసి, ఈ చెత్తంతా ఎందుకు పీకించరు అన్నాడు. పెదనాన్న కప్పు పెడితే మా నాన్న కాదనలేడు." పెదనాన్న కొడుక్కి పిల్లనివ్వడం వాళ్ళలో మామూలే.

"అయితే మేం ముందు వస్తాం."

"వచ్చి?"

"కప్పు..." అని ఆగిపోయాడు.

"అదీ. మత్లఖ్ బదులు నువ్వు. మిగతాదంతా మామూలే. నన్నడిగేదెవరు?"

"నేనడుగుతున్నాగా."

"నువ్వు అడుగుతావు. నేను చెప్పిన మాటకి మా గుడారంలో విలువ లేకపోతే అవునన్నా ఒకటే, కాదన్నా ఒకటే. నాకోసం కప్పు కింద పెట్టనని మాటియ్యి."

మాటిచ్చాడు. ఇవ్వకపోతే ఆ కళ్ళల్లోకి ఇంకెప్పుడూ చూడలేనని తెలుసు. ఇచ్చిన మరుక్షణం నుంచీ తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. మాట నిలబెట్టుకుంటే మత్లఖ్ పట్టుకుపోతాడు. తప్పితే ఆమె మనసులోంచి తనే పోతాడు. ఈ రెండింటి మధ్య మనవాడికి నిద్రా లేదు, తిండీ లేదు. స్టేషన్లో గొట్టం చుట్టమంటే నిచ్చెన చుట్టబోయాడట.

వసంతం ముదిరింది. అర్ఫజ్ పూసింది.

అలా ఇలా కాదు. ప్రతి పొదా పసుపైపోయింది. గుండీలంత పువ్వులు, లెక్కలేనన్ని. గాలి వీస్తే కంచె లోపలంతా ఒకేసారి ఊగేది. మిషారీ ఫోన్లో ఫోటో చూపించగానే వాళ్ళ షాయా తాత మంచం మీంచి లేచి కూర్చున్నాడు. చిన్నప్పుడు ఎటు చూసినా ఇదే ఉండేదిరా, మళ్ళీ ఒక్కసారి వాసన చూపించు, అని పట్టుబట్టాడు. మనవడు కాదనలేకపోయాడు. కాదనాలని లేదు కూడా. ముజ్నా పెదనాన్న రావడానికి ఇక ఒక్కరోజే మిగిలింది. ఆమెని ఒకసారి చూడాలి.

అబూ బర్జస్ గుడారం జనంతో నిండుగా ఉంది. చుట్టుపక్కల ఒంటెలవాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. మధ్యలో తెర, తెరకి అటువైపు ఆడవాళ్ళు. అక్కడ ముజ్నా ఉందని మిషారీకి ఎవరూ చెప్పక్కర్లేదు. షాయా తాతని పెద్దపీట వేసి కూర్చోబెట్టారు. బర్జస్ ఆచారం ప్రకారం ఎడమచేత్తో కూజా పట్టుకుని వరసగా కాఫీ పోస్తూ వచ్చాడు. మిషారీ కప్పు అందుకున్నాడు. బయట ఉన్నట్టుండి చీకటి కమ్మింది. వసంతంలో వచ్చే పిచ్చివాన అది, చెప్పి రాదు. గాలి గుడారాన్ని పట్టి ఊపింది. మిషారీ చూపు తెరిచి ఉన్న వాకిలిలోంచి నేరుగా కంచె మీద పడింది.

కంచె మూల ఒరిగిపోయింది. తను కట్టిన మూలే. దానిమీదుగా ఒక తెల్ల ఒంటె తీరిగ్గా లోపలికి అడుగేసి, పసుపు పొదలో మూతి పెట్టింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక మందంతా.

మిషారీ నిండు కప్పుని టక్కున కింద పెట్టి లేవబోయాడు.

బర్జస్ కూజా వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు. తెర వెనక ఏదో పళ్ళెం జారిపడింది. అబూ బర్జస్ చెయ్యి చాచి మిషారీ మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"అడుగు బాబూ. నాకు చేతనైంది ఏదైనా సరే."

అప్పుడు తెలిసింది మిషారీకి తనేం చేశాడో. ఒక పక్క కప్పు, ఒక పక్క ఒంటెలు.

"బాబాయ్, ఒంటెలు..." అన్నాడు.

"ఇచ్చాను. ఎన్ని?"

"అది కాదు బాబాయ్..."

"తెల్లదా? ఇచ్చాను. నా ప్రాణం అది, అయినా ఇచ్చాను. కాఫీ తాగు."

"నాకొద్దు బాబాయ్ మీ ఒంటెలు. అవి అర్ఫజ్‌లో పడ్డాయి. మొత్తం మేసేస్తున్నాయి," అన్నాడు మిషారీ, ఏడుపొక్కటే తక్కువ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే తెరకి అటువైపు నుంచి ముజ్నా వానలోకి పరిగెత్తింది. వెనకే మిషారీ, వెనకే బర్జస్, ఆపైన గుడారం గుడారమంతా.

అంత వానలో అంత అందంగా ఎవరూ ఒంటెల్ని తోలి ఉండరు. ముజ్నా అబాయా చేతులు విసురుతూ అటు నుంచి అదిలిస్తోంది. మిషారీ ఇటు నుంచి తెల్ల ఒంటె మెడ పట్టుకుని వేలాడుతున్నాడు. పెదవికి పువ్వులకొమ్మ వేలాడేసుకుని అది అతనికేసి మహా నిర్లక్ష్యంగా చూసి నములుతోంది. జారిపడ్డాడు, లేచాడు, మళ్ళీ పట్టుకున్నాడు. చివరికి మంద బయటికి వచ్చింది. పోయింది ఆ మూల ఒక్కటే, మిగతాదంతా పసుపుగా తడిసి మెరుస్తోంది. షాయా తాత వానలోనే నిలబడి, ఒక పొదలో మొహం పెట్టేసి నవ్వుతున్నాడు. ఎవరు పిలిచినా రావడంలేదు.

కంచె దగ్గర ముజ్నా మిషారీకి ఎదురుపడింది. ఇద్దరికీ ఊపిరి అందడంలేదు.

"కప్పెందుకు పెట్టావ్? మాటిచ్చావుగా."

"ఒంటెలు కనపడ్డాయి. చేతిలో కప్పుందన్నదే మర్చిపోయా."

"మా నాన్న ఇప్పుడు వదలడు. ఏదో ఒకటి అడిగేదాకా వదలడు." ఆమె కనురెప్పల మీంచి వాన కారుతోంది. ఆ కళ్ళల్లో కోపం లేదు, భయం ఉంది. "ఏమడుగుతావ్?"

ఏమడగాలో అతనికే తెలియలేదు.

అందరూ తడిసి ముద్దై లోపలికి వచ్చి కూర్చున్నారు. కప్పు అక్కడే ఉంది, నిండుగా. వాన నీళ్ళు కూడా కాసిని పడ్డాయేమో, ఇంకా నిండుగా ఉంది. అబూ బర్జస్ దాన్ని చూపించాడు. నా గుడారంలో ఎవరూ నిండు కప్పు వదిలేసి వెళ్ళలేదన్నాడు. ఒంటెల కోసం పెట్టావో, పొరపాటున పెట్టావో, పెట్టావు కాబట్టి అడగాల్సిందే అన్నాడు. ఒంటెలవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని మీసాల్లో నవ్వుకున్నారు. కట్టెలవాడు ఏమడుగుతాడో అక్కడ తెలియనివాళ్ళు లేరు. చలికాలమంతా ఎవడూ ఊరికే కంచె కట్టడు. బర్జస్ కన్ను కొట్టాడు. షాయా తాత మోచేత్తో పొడిచి, అడగరా అన్నాడు.

అడిగితే వచ్చేస్తుంది. ఒక్కమాట, అంతే. రేపు మత్లఖ్ వచ్చి వెనక్కి పోతాడు. మిషారీ గుండె చొక్కా చించుకుని వచ్చేసేలా కొట్టుకుంటోంది. తెరవైపు చూశాడు. తెర కదలడంలేదు.

"బాబాయ్, ముజ్నా కోసం నేను కప్పు పెట్టను. అలాగని తనకి మాటిచ్చాను," అన్నాడు.

మీసాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"నేనడిగేది ఇదీ. రేపు మీ అన్నయ్య వచ్చినా, ఎల్లుండి ఇంకెవరొచ్చినా, ముజ్నా కోసం ఎవరు కప్పు పెట్టినా మీరు జవాబు చెప్పకండి. లోపలికి అడగండి. తను ఏమంటే అది."

అబూ బర్జస్ మొహం ఎర్రబడింది.

"మా అన్నయ్య మొహం మీద, ఉండు, అమ్మాయినడుగుతా అనమంటావా?"

"అవును బాబాయ్."

"ఆయనకి కోపమొస్తుంది."

"వస్తుంది."

"సరే, అది నేను పడతా. ఇందులో నీకేం మిగిలింది?"

మిషారీ నవ్వబోయాడు, రాలేదు. "నాకేం మిగలదు. తను మత్లఖ్‌కి అవునంటే, ఆ మూల కంచె బాగుచేసి వెళ్ళిపోతా. అది నేను కట్టిందే."

వద్హా పెళ్ళి కుదిరిన నాడు పక్కగదిలో చప్పుడు లేకపోవడం అబూ బర్జస్‌కి గుర్తొచ్చిందేమో తెలియదు. గొంతు సవరించుకున్నాడు.

"ఇచ్చాను. కాఫీ తాగు."

మిషారీ తాగాడు. చల్లారిపోయిన కాఫీ, అందులో సగం వాన. ఇక అయిపోయింది అనుకున్నాడు. తేలిగ్గా ఉంది, ఏడుపూ వస్తోంది. చాలన్నట్టు కప్పు ఊపి బర్జస్‌కి ఇచ్చేశాడు.

అప్పుడు తెర వెనక నుంచి ముజ్నా గొంతు వినిపించింది. వణకలేదు.

"నాన్నా, ఇవాళ ఎవరైనా నన్నడిగారా?"

"లేదమ్మా."

"పెద్దవాళ్ళు అడిగితే బాగుంటుంది కదా."

మొదట అర్థమైంది షాయా తాతకే. ముసలాయన గడ్డం మీంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి, ముక్కు చివర పసుపు పుప్పొడి. బర్జస్ చేతికి తన కప్పు చాపి నిండా పోయించుకున్నాడు. దాన్ని పెదవికి తగలనివ్వకుండా, మహా పద్ధతిగా తన ముందు పెట్టుకున్నాడు. నడుం నిటారు చేశాడు.

"అబూ బర్జస్, నా మనవడు మిషారీకి మీ అమ్మాయి ముజ్నా కావాలి."

అబూ బర్జస్‌కి నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. అలవాటైన మాట అది. మింగేశాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తెరవైపు తిరిగాడు.

"అమ్మా ముజ్నా, షాయాగారు కప్పు పెట్టారు. ఏం చెప్పమంటావ్?"

తెరకి అటువైపు ఎవరో ఆడవాళ్ళు గుసగుసలాడారు. ముజ్నా వాళ్ళని ఉష్ అని ఆపింది. ఆమె తొందరపడలేదు. ఆ ఇంట్లో మొదటిసారి ఒక ఆడపిల్లని అడిగారు, కాస్త ఆలస్యం చేసే హక్కు ఆమెకుంది.

"తాతగారిని కాఫీ తాగమను నాన్నా. అది కూడా చల్లారిపోతుంది."

షాయా తాత ఒక్క గుక్కలో తాగేసి, ఇంకాస్త పొయ్యమని చెయ్యి చాపాడు.